వేలి కీలు తప్పితే: చికిత్స, కోలుకునే క్రమం



ఈనాటి పాఠంలో చేతి వేళ్ల కీళ్లు ఎలా నిర్మితమై ఉంటాయి, అవి ఎందుకు చోటు తప్పుతాయి, తప్పినప్పుడు డాక్టర్లు ఏం చేస్తారు, ఆ తరువాత వేలు మళ్లీ మామూలుగా వంగడానికి మనం ఏం చేయాలి అన్న విషయాలు తెలుసుకుందాం. ఇది డాక్టరు కాబోయే వారికి మాత్రమే పనికివచ్చే పాఠం కాదు. బంతి పట్టుకునే ప్రతివారికీ, కలం పట్టుకునే ప్రతివారికీ, పనిముట్టు పట్టుకునే ప్రతివారికీ సంబంధించిన పాఠం.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన 1072 మీటర్ల ప్లాట్‌ఫారం వల్ల, 1951లో ప్రారంభమైన ఐ.ఐ.టి. వల్ల ఆ ఊరి పేరు అందరికీ తెలుసు. మన తెలుగువారికి అది ఇంకా దగ్గరి ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ 1898 ప్రాంతంలో వర్క్‌షాపు పనులు మొదలుపెట్టిన నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో బతుకుదెరువు కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించారు. ఇంజన్లు, పెట్టెలు బాగుచేసే ఊరిలో మనిషికి అన్నం పెట్టేది చెయ్యే. సాయంత్రమైతే రైల్వే మైదానాల్లో పిల్లలు క్రికెట్ ఆడతారు. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఆ స్టేషన్‌లోనే టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశాడు. ఇనుము పనీ, క్రికెట్ ఆటా ఒకేచోట ఉన్న అలాంటి ఊరిలో వేళ్లకు దెబ్బలు తగలడం వింత కాదు. దెబ్బ తగిలిన తరువాత మొదటి గంటలో ఏం చేశారు, మొదటి ఆరు వారాల్లో ఏం చేశారు అన్నదాన్ని బట్టే ఆ వేలి భవిష్యత్తు చాలావరకు నిర్ణయమవుతుంది.

చేతిలో ఏముంది?

ఒక చేతిలో 27 ఎముకలు ఉన్నాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. బొటనవేలికి రెండేసి ఎముకలు, మిగిలిన నాలుగు వేళ్లకు మూడేసి ఎముకలు. కాబట్టి ఆ నాలుగు వేళ్లలో ఒక్కొక్క దానికి మూడు కీళ్లు ఉంటాయి. పిడికిలి బిగించినప్పుడు గుబ్బల్లాగా పైకి కనిపించేది మొదటి కీలు. దాని తరువాతిది నడిమి కీలు. గోరుకు దగ్గరగా ఉన్నది చివరి కీలు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడిచేతి వేళ్లను ఆడించండి. ముంజేతిలో కండరాలు కదులుతున్నట్లు తెలుస్తుంది. వేళ్లను వంచే, చాచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలోనే ఉన్నాయి. కొన్ని చిన్న కండరాలు అరచేతిలో ఉన్నాయి. వేళ్లలోకి వచ్చేవి తాళ్లలాంటి స్నాయువులు మాత్రమే. తోలుబొమ్మలాటలో తెర వెనుక ఉన్నవాడు దారం లాగితే బొమ్మ చెయ్యి ఎత్తినట్లు, ముంజేతిలో కండరం లాగితే వేలు వంగుతుంది.

నడిమి కీలు తలుపు బందులాంటిది. ముందుకు వంగుతుంది, తిరిగి చాచుకుంటుంది, పక్కలకు పోదు. పక్కలకు పోకుండా రెండువైపులా సంధి బంధకాలు ఉన్నాయి. వీటినే డాక్టర్లు లిగమెంట్లు అంటారు. వెనక్కి విరుచుకుపోకుండా అరచేతి వైపున మందపాటి పీచుపలక ఒకటి ఉంది. రెండు పక్కలా రెండు గోడలు, అడుగున ఒక పలక. మూడువైపులా మూసిన పెట్టె అనుకోండి. ఆ పెట్టె గోడల్లో కనీసం రెండు తెగితే తప్ప కీలు పూర్తిగా చోటు తప్పదు. అందువల్ల, చోటు తప్పిన కీలును వెనక్కి కూర్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఎముక చోటికి వచ్చింది గాని గోడలు ఇంకా తెగే ఉన్నాయి. చికిత్స అంతా ఈ ఒక్క వాక్యం మీదనే ఆధారపడి ఉంది.

కీలు ఎందుకు తప్పుతుంది?

క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. అది గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. దాని ద్రవ్యవేగం 4 యూనిట్లు. చేతులు బిగపట్టి సెకనులో నూరోవంతు కాలంలో దాన్ని ఆపితే చేతి మీద పడే బలం 400 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోల బరువు. చేతులను బంతితోపాటు వెనక్కి తీసుకుంటూ సెకనులో పదోవంతు కాలంలో ఆపితే బలం 40 న్యూటన్లకు, అంటే 4 కిలోలకు తగ్గుతుంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకోమని శిక్షకుడు ఎందుకు చెబుతాడో న్యూటన్ రెండో నియమం ఇలా వివరిస్తుంది.

ఆ బలం అరచేతి మీద కాకుండా వేలికొన మీద పడితే మరో చిక్కు ఉంది. వేలు ఒక తులాదండంలా పనిచేస్తుంది. కొన మీద పడిన బలం నడిమి కీలును వెనక్కి విరుస్తుంది. అరచేతి వైపు పలక తెగుతుంది. నడిమి ఎముక చేతి వెనుక వైపుకు జారి, ముందున్న ఎముక మీదికి ఎక్కి కూర్చుంటుంది. వేళ్ల కీళ్లు తప్పే సందర్భాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వాలీబాల్‌లో బంతిని అడ్డుకునేటప్పుడు, కబడ్డీలో ఆటగాడి బట్ట పట్టుకుని లాగేటప్పుడు, బండి మీద నుంచి పడి చెయ్యి ఆనించినప్పుడు కూడా ఇలా జరుగుతుంది.

2025 జూన్ 13న లార్డ్స్ మైదానంలో ప్రపంచ టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్ జరుగుతుండగా ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్‌కు జరిగింది ఇదే తరహా ప్రమాదం. స్లిప్స్‌లో బ్యాట్స్‌మన్‌కు మామూలు కంటే దగ్గరగా నిలబడి క్యాచ్ పట్టబోతే కుడిచేతి చిటికెనవేలి కీలు తప్పింది, చర్మం కూడా చీలింది. ఆపరేషన్ అవసరం పడలేదు. వేలికి బద్ద కట్టారు. వెస్టిండీస్‌లో జరిగిన తరువాతి టెస్టు ఆడలేకపోయి, జూలైలో గ్రెనడా టెస్టుకు తిరిగి వచ్చాడు. అంత త్వరగా రాగలిగినందుకు కారణం అదృష్టం ఒక్కటే కాదు. ఎక్స్‌రే, శుభ్రత, సరైన కట్టు, నిపుణుల పర్యవేక్షణ అన్నీ సమయానికి అందాయి.

మొదటి గంట

మైదానంలో వేలు వంకర తిరిగిన పిల్లవాడి చుట్టూ నలుగురు చేరితే, అందులో ఒకడు తప్పకుండా "ఉండు, ఒక్క లాగు లాగితే సరిపోతుంది" అంటాడు. అలా లాగనివ్వకండి. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, వంకర తిరిగిన ప్రతి వేలూ కీలు తప్పిన వేలు కాదు. ఎముక విరిగి కూడా ఉండవచ్చు. కంటితో చూసి తేడా చెప్పలేం. ముఖ్యంగా ఎదిగే వయసు పిల్లల్లో ఎముక చివర పెరుగుదల జరిగే మృదువైన పొర ఒకటి ఉంటుంది. అది సంధి బంధకాల కంటే బలహీనమైనది. పెద్దవారిలో బంధకం తెగే దెబ్బకు పిల్లల్లో ఆ పొర దగ్గర ఎముక విడిపోతుంది. మోటుగా లాగితే దానికి మరింత హాని కలిగి, వేలు వంకరగా పెరగవచ్చు.

రెండోది, మొదటి కీలు తప్పినప్పుడు ఒక్కోసారి తెగిన పీచుపలక రెండు ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. ఎముక తల స్నాయువుల మధ్య, బొత్తం కాజాలో దూరినట్లు చిక్కుకుంటుంది. అప్పుడు లాగినకొద్దీ ఉరితాడులా బిగుస్తుంది. అరచేతి చర్మంలో ఆ చోట సొట్ట కనిపించడం దీని గుర్తు. ఈ సంగతిని 1957లో కాప్లాన్ అనే శస్త్రవైద్యుడు వివరంగా రాశాడు. దీనికి తరచుగా ఆపరేషన్ అవసరమవుతుంది.

మూడోది, కీలు దానంతట అదే చోటికి వచ్చినా, స్నేహితుడు లాగితే వచ్చినా, "సరిపోయింది" అని ఇంటికి వెళ్లిపోతారు. తెగిన గోడల సంగతి ఎవరూ చూడరు. వేలు వంగని స్థితికి చేరిన తరువాత ఆస్పత్రికి వచ్చేవారిలో ఇలాంటివారు ఎందరో.

మరి చేయవలసింది ఏమిటి? ఉంగరం ఉంటే వెంటనే తీసేయాలి. వాపు పెరిగాక అది రాదు, రక్తప్రసరణను అడ్డుకుంటుంది. గుడ్డలో చుట్టిన మంచును పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. మంచుగడ్డను నేరుగా చర్మానికి తగిలించకూడదు. చేతిని గుండె కంటే ఎత్తుగా ఉంచాలి. వేలు ఉన్న స్థితిలోనే కింద ఒక అట్టముక్క గాని, ఐస్‌క్రీం పుల్ల గాని పెట్టి వదులుగా కట్టి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. చర్మం చీలి ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పి మరీ త్వరపడాలి. అలాంటి గాయాన్ని కీలు లోపలి దాకా కడగాలి, సూక్ష్మజీవులను చంపే మందులు ఇవ్వాలి, ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ అవసరమేమో చూడాలి. వేలికొన తెల్లగానో నీలంగానో మారినా, చల్లబడినా, స్పర్శ తెలియకపోయినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

ఎక్స్‌రే నుంచి కట్టు దాకా

కీళ్లను సరిచేసే విద్య మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహిత కీలు తప్పడాన్ని సంధిముక్తం అని పిలిచి ఆరు రకాలుగా విభజించింది. లాగడం, నొక్కడం, చోట కూర్చడం, కట్టడం అనే క్రమాన్ని కూడా చెప్పింది. చేతితో చేసే పనిలో ఆ క్రమం ఇప్పటికీ పెద్దగా మారలేదు. మారింది మన చూపు. 1895 నవంబరులో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులో ఆయన తన భార్య చేతిని తీసిన చిత్రం ప్రసిద్ధికెక్కింది. అందులో వేళ్ల ఎముకలూ, వేలికున్న ఉంగరమూ స్పష్టంగా కనిపిస్తాయి. అంతకుముందు వైద్యుడు వేలితో తడిమి ఊహించినదాన్ని ఆనాటి నుంచి కంటితో చూడగలిగాడు.

మన రాయలసీమలో పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు ఉండదు. ఆకుపసరు, వెదురు బద్దలతో ఎముకలకు కట్టు కట్టే సంప్రదాయం అక్కడ తరతరాలుగా వస్తోంది. ఏ కట్టు దగ్గరికి వెళ్లినా విద్యార్థులుగా మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఎక్స్‌రే చూశారా? కట్టిన తరువాత వేలికొనకు రక్తం సరిగ్గా వస్తోందా? రెండో ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోవచ్చు. గోటిని నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో గులాబీరంగుకు రావాలి. రాకపోతే కట్టు బిగుతుగా ఉందన్నమాట. వెంటనే వదులు చేయించాలి.

ఆస్పత్రిలో జరిగేది ఇది. ముందుగా వేలిని ఎదురుగానూ, పక్క నుంచీ ఎక్స్‌రే తీస్తారు. వేలి మొదట్లో మత్తుమందు ఇచ్చి నొప్పి తెలియకుండా చేస్తారు. వెనక్కి జారిన నడిమి కీలునైతే కొంచెం వెనక్కి వంచి, మెల్లగా లాగుతూ, జారిన ఎముక మొదలును ముందుకు నెడతారు. చాలాసార్లు కొన్ని క్షణాల్లో అది చోట కూర్చుంటుంది. ఇందులో బలం కంటే దిశ ముఖ్యం. ఆపైన రోగినే వేలు వంచి చాచమంటారు. పక్కలకు కదిపి బంధకాల పటుత్వం చూస్తారు. మళ్లీ ఎక్స్‌రే తీసి కీలు సరిగ్గా కుదిరిందో లేదో నిర్ధారించుకుంటారు.

కట్టు ఏది అన్నది గాయాన్ని బట్టి ఉంటుంది. కీలు నిలకడగా ఉంటే పక్క వేలితో జతచేసి పట్టీ వేస్తారు. కీళ్ల మీద కాకుండా కీళ్ల మధ్య భాగంలో పట్టీ వేసి, రెండు వేళ్ల నడుమ కొంచెం దూది పెడతారు. మంచి వేలు గాయపడిన వేలిని పక్కకు పోనివ్వదు, తనతోపాటు వంచుతుంది. పూర్తిగా చాస్తే జారే స్వభావం కనిపిస్తే, సుమారు 30 డిగ్రీలు వంగి ఉండేలా వెనుకవైపు బద్ద పెట్టి, వంగడానికి మాత్రం వీలు వదిలి, వారం వారం ఆ కోణాన్ని తగ్గిస్తారు. కీలు అరచేతి వైపుకు తప్పిన అరుదైన సందర్భంలో వేలిని చాచే స్నాయువు తెగి ఉండవచ్చు. అప్పుడు ఇందుకు విరుద్ధంగా, నడిమి కీలును తిన్నగా ఉంచి ఆరు వారాల పాటు బద్ద కడతారు. కీలు ఉపరితలంలో పెద్దముక్క విరిగి ఉన్నా, కీలు చోట నిలవకపోయినా ఆపరేషన్ చేస్తారు. బొటనవేలి మొదటి కీలులో లోపలివైపు బంధకం పూర్తిగా తెగితే కూడా చాలాసార్లు ఆపరేషనే మార్గం. తెగిన కొస ఒక్కోసారి పక్కనున్న పొర మీదికి మడత పడిపోతుంది. అలా మడతపడిన కొస దానంతట అది తిరిగి అతుక్కోదు.

కోలుకోవడమే అసలు చికిత్స

కీలు కూర్చడానికి నిమిషాలు చాలు. కోలుకోవడానికి నెలలు కావాలి. తెగిన చోట మొదటి కొద్దిరోజులు వాపు ఉంటుంది. అది శరీరం చేసే శుభ్రం చేసే పని. తరువాత కొన్ని వారాలు కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు గజిబిజిగా పేరుకుంటాయి. ఆపైన నెలల తరబడి ఆ పోగులు తమ మీద పడే లాగుడు దిశలో బారులు తీరి గట్టిపడతాయి. అసలు కదలించకపోతే పోగులు అడ్డదిడ్డంగా అతుక్కుని కీలు బిగుసుకుపోతుంది. మరీ ముందుగా, మరీ ఎక్కువగా కదిలిస్తే కొత్త పోగులు తెగుతాయి. ఈ రెండింటి నడుమ దారి చూపించడమే ఫిజియోథెరపిస్టు పని.

వేళ్ల కీళ్లలో త్వరగా బిగుసుకుపోయేది నడిమి కీలు. "నొప్పి పూర్తిగా తగ్గాక కదుపుదాంలే" అని నెల రోజులు గుడ్డ చుట్టి ఉంచుకున్నవారి వేలు కొక్కెంలా వంగి ఉండిపోతుంది. అలాంటి వేలితో జేబులో చెయ్యి పెట్టడం కష్టం, చేతి తొడుగు వేసుకోవడం కష్టం. యంత్రాల దగ్గర పనిచేసే వారికి అది ప్రమాదం కూడా. కాబట్టి డాక్టరు అనుమతించిన రోజు నుంచి, సాధారణంగా నిలకడగా ఉన్న కీళ్లకు మొదటి వారంలోనే, కదలిక మొదలుపెడతారు.

చేసే అభ్యాసాలు తేలికైనవి. వేళ్లన్నీ తిన్నగా చాచడం, మొదటి కీళ్లు తిన్నగా ఉంచి మిగిలినవి కొక్కెంలా వంచడం, మొదటి కీళ్లను మాత్రమే వంచి చేతిని బల్లలా ఉంచడం, చివరకు పూర్తి పిడికిలి. గాయపడిన కీలు కింది భాగాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆ ఒక్క కీలునే వంచి చాచడం మరొకటి. ఒక్కొక్కటి పదేసి సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. ఒకేసారి నూరు చేయడం కన్నా కొద్దికొద్దిగా పలుమార్లు చేయడం మేలు. వాపు తగ్గిన తరువాత గోరువెచ్చని నీటిలో చేస్తే సులువుగా ఉంటుంది. పిడికిలి బలం పెంచే పనులు, అంటే స్పాంజి పిండడం, చపాతీపిండి పిసకడం వంటివి, సాధారణంగా ఆరు వారాలు దాటాకే. నూనె రాసి గట్టిగా తోమడం, ఇతరులు బలవంతంగా వంచడం వద్దు. అవి కొత్త పోగులను గాయపరిచి వాపును తిరగబెడతాయి.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. వేలి కీలు వాపు ఆరు నెలల నుంచి సంవత్సరం దాకా ఉండవచ్చు. కొందరికి ఆ కీలు కొంచెం లావుగానే మిగిలిపోతుంది. అది చూసి చికిత్స విఫలమైందని భయపడనక్కరలేదు. చూడవలసింది లావు కాదు, కదలిక. వారానికి ఒకసారి వేలికొనలు అరచేతిని తాకుతున్నాయా, చెయ్యి బల్ల మీద బోర్లా పెడితే వేలు తిన్నగా ఆనుతోందా అని చూసి పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు వారాలు మెరుగు లేకపోతే డాక్టరుకు చెప్పాలి. ఆటకు తిరిగి వెళ్లినా కొన్ని వారాలు పక్క వేలితో పట్టీ వేసుకునే ఆడాలి. రాసే చెయ్యి గాయపడి పరీక్షలు దగ్గరపడితే వైద్య ధ్రువపత్రం తీసుకుని పాఠశాలలో ముందుగానే మాట్లాడండి. పరీక్ష కోసం బద్ద తీసేయకండి.

చేతి విలువ

చేతికి విలువ కట్టగలమా? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం తన జాబితాలో ఆ ప్రయత్నం చేసింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమనీ, చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతమనీ, మధ్యవేలికి 12 శాతమనీ, ఉంగరపువేలికి గాని చిటికెనవేలికి గాని 7 శాతమనీ లెక్కకట్టింది. వేలు ఉండి కూడా వంగకపోతే పనివాడికి జరిగే నష్టం తక్కువేమీ కాదు. 1940ల చివర వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి వల్ల ముడుచుకుపోయిన చేతులకు స్నాయువులు మార్చి అతికే ఆపరేషన్లు మొదలుపెట్టినప్పుడు, ఆపరేషన్‌తోపాటు ఆ తరువాతి అభ్యాసానికి కూడా అంతే ప్రాముఖ్యం ఇచ్చాడు. మళ్లీ పట్టుకోగల చెయ్యి అంటే మళ్లీ బతకగల మనిషి.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రెంచి పట్టే చేతికైనా, మైదానంలో బంతి పట్టే చేతికైనా, మీ ముందున్న కలం పట్టే చేతికైనా నియమాలు ఒకటే. ఉంగరం తీయండి, లాగకండి, ఎక్స్‌రే తీయించండి, చెప్పినన్ని రోజులు కట్టు ఉంచండి, చెప్పిన రోజున కదపడం మొదలుపెట్టండి. ఆటకు ముందు, యంత్రం దగ్గరికి వెళ్లే ముందు ఉంగరాలు తీసి పక్కన పెట్టండి.

ఇంటి దగ్గర చేయడానికి ఒక పని ఇస్తున్నాను. మీ చూపుడువేలిని ఒక బద్దతో తిన్నగా కట్టుకుని అరగంట సేపు బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, ఒక పేజీ రాయడం ప్రయత్నించండి. ఏ పని ఎంత ఆలస్యమైందో రాసి మీ ఉపాధ్యాయులకు చూపించండి. మూడు చిన్న ఎముకలు, మూడు కీళ్లు రోజంతా మనకు ఎంత సేవ చేస్తున్నాయో ఆ అరగంటలో తెలుస్తుంది.

సెలవు.